ఎడమ కాలు

వేలం లేని నెలల్లో
కందుకూరు పొగాకు వేలం కేంద్రం ఖాళీ ఆవరణలో
డ్రైవింగు నేర్పేవాడు మాలకొండయ్య.
నాకప్పుడు నలభై రెండు.
ఆసుపత్రిలో పురుళ్లు పోసే ఉద్యోగం,
చెల్లెలి మొగుడు అంటగట్టిన పాత కారు,
అరచేతుల్లో చెమట.

మొదటి రోజు తాళంచెవి ఇవ్వలేదు.
"కూర్చోమ్మా, ఊరికే కూర్చో" అన్నాడు.
కూర్చుంటే కాళ్ల దగ్గర
తెలియని ఊళ్లో దిగినప్పుడు కనిపించే మూడు దారుల్లా
మూడు పెడళ్లు.

రెండో రోజు తాళం తిప్పబోతే
"క్లచ్చి" అన్నాడు.
"న్యూట్రల్లోనే ఉందిగా!"
గేరు రాడ్డు అటూ ఇటూ ఊపి చూపించాను.
కదిలే పాలపన్నులా ఊగింది.
"వుంటే వుండాది. తొక్కు."

ఆ సాయంత్రం పామూరు రోడ్డులో
మెకానిక్కు ఖాదర్ బాషా
బండి కింద పడుకుని, కాళ్లు మాత్రమే బయట పెట్టి, చెప్పాడు:
"ఆ పెద్దాయన లారీల మనిషి మేడం.
న్యూట్రల్లో ఉంటే తొక్కే పనేముంది?
తొక్కినప్పుడల్లా లోపల బేరింగు అరుగుద్ది.
అరిగినాక నా దగ్గరికే గదా వస్తారు,
నాకేం నష్టం, తొక్కండి."

ఆ మాట మర్నాడు మాలకొండయ్యకు మోసుకెళ్లాను.
టీ ఊదుకుంటూ విన్నాడు.
"అరుగుద్ది. నిజమే."
లుంగీ పైకి లాగి ఎడమ మోకాలు చూపించాడు.
చిప్ప ఓ పక్కకు ఒరిగి
తవ్వి పారేసిన కందగడ్డలా ఉంది.
ముప్పై ఒక్క ఏళ్లు గుంటూరుకి పొగాకు బేళ్లు.
"ఇదీ అరిగింది.
అయినా తొక్కమనే చెప్తుండా."

ఎందుకో చెప్పలేదు.
ఆయనకు చేయించడం వచ్చు, చెప్పడం రాదు.

చెప్పింది కారే.
ఓ రాత్రి రెండు కాన్పులు, అందులో ఒకటి కవలలు.
ఇంటికొచ్చేసరికి రెండున్నర.
వీధి వాలు, చక్రం కింద పెట్టే రాయి దొరకలేదు,
ఫస్టు గేరేసి దిగిపోయాను.
ఆరింటికి మళ్లీ ఆసుపత్రి ఫోను.
ఖాదర్ బాషా మాట మీద
కాలు నేల మీదే ఉంచి తాళం తిప్పాను.

పలుపు తెంచుకున్న దూడ
ఒక్క దూకు.
ఎదురింటి పిచ్చమ్మ పేర్చుకున్న పొగాకు కట్టె మోపులో
ముక్కు దూర్చి ఆగింది.
మోపు వెనకనుంచి ఓ కోడి బయటికొచ్చి
నన్ను ఎగాదిగా చూసి
రెక్కలు దులుపుకుని పోయింది.

రోజూ ఆ మోపుకి ఆనుకుని, ఆ వేళకే,
పిచ్చమ్మ మనవడు పళ్లు తోముకుంటాడు.
వాడి బొడ్డు కోసింది నేనే.
ఆ రోజు వాడికి జ్వరం.

స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాను.
రాత్రి బండి ఆపింది ఒకామె,
పొద్దున తీసింది వేరొకామె.
ఇద్దరి మధ్యా మాటల్లేవు.
ఆమె గేరేసి వెళ్లింది, చీటీ రాసి పెట్టలేదు.
నేను అడగలేదు.

అడగడమంటే పెద్ద పనేం కాదు,
ఎడమ కాలు కొంచెం కిందికి.
ఇంజనుకీ చక్రాలకీ నడుమ చెయ్యి అడ్డం పెట్టి
ముందు నువ్వు మేలుకో,
కదిలే సంగతి తర్వాత చూద్దామనడం.
పురిటి గదిలో రోజూ నేననే మాటే:
ఇప్పుడే ముక్కొద్దు తల్లీ, ఊపిరి తియ్యి.

బంపరు సరిచేస్తూ ఖాదర్ బాషా నోరెత్తలేదు.
మూడొందలు తక్కువ తీసుకున్నాడు.

ఎనిమిదేళ్లయింది. బేరింగు ఒకసారి మార్పించాను.
పోయిన నెల మాలకొండయ్యను
మోకాలు చూపించడానికి ఒంగోలు తీసుకెళ్లాను.
పక్క సీట్లో చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడు.
సింగరాయకొండ దగ్గర హైవే ఎక్కుతుంటే
రొయ్యల వ్యానొకటి అడ్డం వచ్చింది.
గేరు మారుస్తూ కిందికి చూశాను.
పెడలు లేని చోట, రబ్బరు చాప మీద
ఆయన ఎడమ కాలు తొక్కుతోంది,
నాకంటే కాస్త ముందుగా.

"నొప్పి లేదా పెద్దాయనా?"

"దేనికీ?" అన్నాడు
రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.