గాలి వేపుడు

డండీ ఊళ్లో నాలుగో అంతస్తు.
నవంబరు, మూడున్నరకే దీపాలు.
ఎల్స్‌పెత్ వంటగట్టు మీద జాన పెట్టి కొలుస్తోంది.
టోస్టరుకీ గోడకీ మధ్య
జానా బెత్తెడు.
వెనక వేడి వదిలే రంధ్రానికి
ఇంకో నాలుగు వేళ్లు విడిచిపెట్టాలట.
రేడియోకి కిటికీ గూట్లోకి
ఇవాళే బదిలీ అయింది.

దుకాణంలో ఎయిర్ ఫ్రయర్లన్నీ నల్లగా నిగనిగలాడుతూ
చలికి ముడుచుకున్న కాకుల్లా వరసకట్టాయి.
ఒకదానికి పదహారు మీటలు.
ఒకదానికి ఫోనుతో మాటామంతీ.
ఒకదానికి రెండు బుట్టలు, రెండు బుద్ధులు.
ఆమె మాత్రం బుట్ట లాగి, తోసి,
మళ్లీ లాగి చూసింది,
సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు.
కీళ్లు వాచిన వేళ్లకి పిడి దొరకాలి.
లోపలి జల్లెడ ఊడాలి, సింకులో పట్టాలి.
తిప్పే చక్రాలు రెండు చాలు:
వేడికొకటి, గడువుకొకటి.

చొక్కా మీద రూరీ అని పేరున్న కుర్రాడు అడిగాడు,
"ఎంతమందికి?"

అదీ ప్రశ్న.
లీటర్లంటే మరేం కాదు,
బల్ల చుట్టూ కుర్చీల లెక్క.
"ఒక్కదానికి" అనబోయి
"గురువారం ఇద్దరం" అంది.
రూరీ కాసేపు నసిగి
నాలుగు లీటర్లదాని మీద చెయ్యి వేశాడు.
వారానికో పూట కోసం
ఆరు రోజులు సగం బుట్ట ఉత్తినే తిరగాలన్నమాట.
తిరగనీ, అంది.

గురువారం మనిషి పేరు ఇన్నిస్.
ముప్పైరెండేళ్ల కిందట, రాత్రి పదకొండింటికి
ఆమె మూకుట్లో నూనె అంటుకుని
మంట కర్టెనెక్కి కప్పు నాకుతుంటే
హెల్మెట్‌తో తలుపు బద్దలుకొట్టినవాడు.
"నీళ్లు పొయ్యకు!"
అదీ అతని మొదటి మాట.
ప్రేమకథలు ఇంతకంటే మెత్తగా మొదలవుతాయి కాబోలు.
అయినా ఇది ప్రేమకథని ఎవరన్నారు?
గళ్లబల్ల మీద నల్లపావులూ తెల్లపావులూ
జరుపుకుంటారు, అంతే.

ముందు ఉత్త బుట్టని పది నిమిషాలు తిప్పింది.
కొత్త చెప్పుల కొట్టు వాసన.
కిటికీ తెరిస్తే టే నది గాలి లోపలికొచ్చి
ఈ గాలిని ఎగాదిగా చూసింది.

బంగాళాదుంపలు చిటికెనవేలంత తరిగి
చన్నీళ్లలో అరగంట.
గంజి దిగి నీళ్లు తెల్లబడ్డాక
పసిదాని తల తుడిచినట్టు తువ్వాలుతో తుడిచి
ఒక్క చెంచా నూనె.
ఒక్కటే!
సీసా ఇంకా వంగుతానంటుంటే
ముంజేయి పట్టుకు ఆపుకోవాల్సొచ్చింది.

మొదటి వాయి మోసం.
ఆశకొద్దీ అంచుదాకా కుక్కింది కదా,
వేగనూ లేదు, ఉడకనూ లేదు.
వానకి చిక్కిన ఉత్తరాల్లా మెత్తబడ్డాయి.
నిలబడే సగం తినేసింది,
సాక్ష్యం మిగలకుండా.

రెండో వాయికి తెలిసింది,
దీనికి కావలసింది దుంప కాదు, సందు.
ముక్కకీ ముక్కకీ మధ్య గాలి నడవాలి.
సగం గడువులో బుట్ట లాగి
చేట చెరిగినట్టు ఒక్క ఎగరేత.

ఇన్నిస్ తడి కోటుతో వచ్చాడు.
గుమ్మంలోనే తలెత్తి
పొగ గంట వైపు చూశాడు, పాత అలవాటు.
అది నోరు మెదపలేదు.
గట్టు మీద పెట్టె మాత్రం
ఏదో చెప్పబోతున్నట్టు రొద పెడుతోంది.

"నూనె ఏది?"
"గాలే."
"అన్నీ గాలిమాటలు."
టింగ్.

ఉప్పు, వెనిగర్.
ఒకటి కొరికాడు. కరకర.
నమిలి, కళ్లు చికిలించి,
"మూకుడు రుచి రాదు" అన్నాడు
రెండోది తీసుకుంటూ.
"రాదు. అది రావాలంటే
నువ్వు హెల్మెట్‌తో రావాలి."

పావులు సర్దారు.
ఎవరి వంతో ఇద్దరికీ గుర్తులేదు.
బుట్ట అడుగున విరిగిన చిన్న ముక్క ఒకటి,
అన్నిటికంటే ఎర్రగా.
చాలాసేపు
ఇద్దరిలో ఎవరూ తియ్యలేదు.