సైలెన్సర్ విప్పిన చేతులు

ములుగు రోడ్డు మీద, టింబర్ డిపో పక్కన నా షెడ్డు.
గోర్ల లెక్క పొడుచుకొచ్చిన గుండీల టైర్లు
నేనే ఎక్కించిన.
మడ్‌గార్డు మీదికి లేపిన,
సైలెన్సర్ విప్పి ఉత్త గొట్టం బిగించిన.
"అన్నా, సప్పుడు గుట్ట అవతలికి ఇనపడాలె" అన్నరు పోరగాళ్లు.
ఇనపడేటట్టు చేసిన.
పని అన్నంక పనే గదా.

ఆదివారం పొద్దుగాల ఆరు బండ్లు.
నర్సంపేట దాటినంక తారు రోడ్డు ఇడిసి మొరం తొవ్వ,
మొరం తొవ్వ ఇడిసి గొడ్ల బాట,
అదీ ఇడిసి
బాటే లేని కాడికి.
దాన్నే వాళ్లు ట్రాక్ అంటరు.
పానాల సంచి ఒళ్లె పెట్టుకొని
ఆఖరు బండి ఎనక నేను.

ఆరుద్ర కార్తె. రాత్రి వాన పడ్డది.
పరుపుబండ గుంటలల్ల జానెడు నీళ్లు,
నీళ్లల్ల గోరంత ఆకులు.
వానకు పుట్టి వానతోటే పొయ్యే మొక్కలంట,
తర్వాత తెలిసింది.
అప్పుడైతే నాకు పాకురే,
టైరు జారుతదేమో అన్న భయమే.

గుట్ట నడుమ ఒక బండికి చైన్ తెగింది.
మిగిలినయి ఆగలే.
మోకాళ్ల మీద కూసున్న.
అంత కిందికి వంగి
ఆ నేలను నేను ఎన్నడు చూడలే.

టైరు గుండీల సందుల ఎర్రగ మెత్తగ ఏదో అంటింది.
కుంకుమ అనుకున్న.
ఆరుద్ర పురుగులు.
చిన్నప్పుడు అగ్గిపెట్టెల దాసుకున్నయి,
ముట్టుకుంటే ముడుసుకొని
మళ్ల మెల్లగ కాళ్లు తీసేటియి.
ఇయి తీయలే.

ఇంజన్లు దూరమైనంక
అంతసేపటి సంది అరుస్తున్న తీతువు ఇనపడ్డది.
నా సుట్టు తిరుగుతది, ఉరుకుతది, రెక్క ఈడుస్తది.
గులకరాళ్ల నడుమ గులకరాళ్ల లెక్క నాలుగు గుడ్లు.
నాలుగు కాదు, ఒకటి.
మిగిలిన మూడింటి మీద అచ్చు.
ఆ అచ్చు నాకు ఎర్క.
గుండీకి గుండీకి నడుమ ఎంత సందో
కండ్లు మూసుకొని చెప్త.

తీతువు కూస్తే ఎవలో పోతరనేది మా అవ్వ.
పోయినోళ్ల కోసమే కూస్తదని
చెప్పలే.

వాచర్ భూక్యా కీమ్యా వచ్చిండు,
చేతిల కట్టె, కాళ్లకు తెగిన చెప్పులు.
కేసనలే, ఫైననలే.
"దా" అన్నడు.
నిరుడు బండ్లు పోయిన గీత చూపెట్టిండు.
గీత కాదది, నడుము లోతు కయ్య.
"బండి పోయిన తొవ్వల వాన పోతది సారూ,
వాన పోయిన తొవ్వల మన్ను పోతది."
కింద కుంట ఇసికెతోటి నిండింది.
అండ్ల దుప్పి డెక్కల జాడలు
నీళ్ల కోసం తిరిగి తిరిగి
ఒక్క దిక్కు పోయినయి.
నన్ను సారూ అన్నడు.
అదే ఎక్కువ గుచ్చింది.

మర్నాడు షెడ్డు ముంగట అట్టముక్క కట్టిన:
అడవి బండ్లు చెయ్యం.
గిరాకి సగం పోయింది.
"అడవి నీ అయ్యదా?" అన్నడొక పిలగాడు.
"కాదు. అందుకే" అన్న.
ఆ మాట సక్కగ వచ్చిందనుకున్న గాని
పిలగాడు అప్పటికే కిక్కు కొట్టి పోయిండు,
హన్మకొండల ఇంకో పది షెడ్లున్నయి.

ఊడదీసిన సైలెన్సర్లు మేకులకు ఏలాడుతున్నయి,
ఎవలూ తీస్కపోలే.
గాలికి ఒకదానికొకటి తాకి
చిన్నగ మోగుతయి.

గుట్ట మొదట్ల కందకం తవ్వినం,
కీమ్యా, ఆయన బామ్మర్ది, నేను.
బండరాళ్లు దొర్లించినం.
ఎడ్లు పోవుటానికి పక్కకు సందు ఇడిసినం,
అండ్లకెల్లే ఒక బండి దూరిందంట.
మొన్న రాత్రి ఎవలో సగం కందకం పూడ్సిన్రని ఫోను.

ఆదివారం మళ్ల పోవాలె.
కొత్త పార కొన్న.
చేతుల గ్రీసు ఇంకా వదలలే.
కర్ర జారుతది,
గుడ్డ చుట్టుకోవాలె.