రెండు మెట్లు కిందికి

కోల్డ్ ఫర్నేస్ మళ్ళీ వాయిస్తున్నారట అని
ఇద్వల్ ఫోన్ చేసినప్పుడు
స్వాన్సీ మార్కెట్లో గుల్లలు తూస్తున్నాను.
ఎవరికి ఎంత తూచానో, ఎంత తీసుకున్నానో
ఈనాటికీ తెలియదు.

ఇరవై ఆరేళ్ళు.
పాడే గెరాల్ట్, బాస్ వాయించే ఎమ్రిస్
ఒకే కొండ వాలున కాపురముంటూ
ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇరవై ఆరేళ్ళు.
తగవెందుకో తలా ఒక మాట చెప్పేవాళ్ళు.
డబ్బు అన్నారు, ఎవరి భార్యో అన్నారు,
ఒక పాటలో ఒకే ఒక్క పదం అన్నారు.
నేను మూడోదే నమ్మాను.
నమ్మకపోతే ఆ పాటలు అన్నిసార్లు వినేదాన్నే కాదు.

పాత ఐస్ రింక్‌లో కచేరీ.
బయట అడ్డంగా కొడుతున్న వాన.
లైన్లో మోకాళ్ళ పట్టీలు, చెవుల్లో దూది,
బిగుతైపోయిన తోలు జాకెట్లు.
మెన్నా థర్మాస్‌లో టీ తెచ్చింది.
ఒకప్పుడు ఆ థర్మాస్‌లో ఏం తెచ్చేదో ఇక్కడ రాయను.

డ్రమ్స్ వెనక హ్యూవెల్ లేడు. ఆయన కూతురు లౌరీ.
రెండో పాటలో తండ్రి ఎప్పుడూ తడబడే చోట
ఆ పిల్లా తడబడింది, సరిగ్గా అంతే.
నేర్చుకుని తడబడింది.
మా వరసలో ఒక పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత ‘గేట్లు మూసిన రాత్రి’.
మొదటి తీగ మోగగానే ఏదో తేడా.
ఇద్వల్ నా చెవిలో అన్నాడు:
"శ్రుతి దించారు. రెండు మెట్లు."
పాలల్లో నీళ్ళు కలిపారని చెప్పినట్టు.

ఆ పాటలో ఒక చోటుంది.
ఉక్కు ఫ్యాక్టరీ బస్సులో, పెళ్ళి విందుల్లో, స్నానాల గదిలో
ఎక్కడ పాడుకున్నా అక్కడికి రాగానే ఆగిపోయేవాళ్ళం.
గెరాల్ట్ ఒక్కడే ఎక్కేవాడు.
మేం నిచ్చెన పట్టుకుని కింద నిలబడేవాళ్ళం.

ఆ రాత్రి ఆ చోటు వచ్చింది,
నోరు మూసుకోవడం ఎవరికీ గుర్తు రాలేదు.
అందింది.
నాకు, మెన్నాకు, బీరు గ్లాసులు ఏరుతున్న కుర్రాడికి.
ముప్పై ఏళ్ళు దాన్ని కోపం అనుకున్నాను.
నా గొంతులోకి వచ్చాక తెలిసింది,
అది బతిమాలడం.
గెరాల్ట్ మైకు కిందికి దించి
ఎమ్రిస్ వైపు చూశాడు.
ఎమ్రిస్ తన వేళ్ళనే చూసుకుంటున్నాడు.

కారు పార్కింగులో వెనిగర్ కారుతున్న చిప్స్ తింటూ
"అది వాళ్ళు కాదు" అన్నాడు ఇద్వల్.
"నీ జుట్టూ అది కాదు" అంది మెన్నా.

మరుసటేడు కొత్త రికార్డు వచ్చింది.
ఎమ్రిస్ వంటింట్లో తీశారట.
అట్ట మీద ఖాళీ గోడ, ఒక కోటు కొక్కెం.
సగం పాటల్లో డ్రమ్స్ లేవు.
పేపర్లో రెండు వాక్యాలు రాశారు, రెండోది జాలి.
అది పెట్టుకుంటే నిద్ర పడుతుందంటుంది మెన్నా,
పొగడ్తగానే అంటుంది.
నేను తెల్లవారుజామున చేపలు కడుగుతూ వింటాను.
వేళ్ళు కొంకర్లు పోయే ఆ నీళ్ళకు
ఆ పాటల నడక సరిపోతుంది.

ఇద్వల్ రెండు కాపీలు కొన్నాడు.
పైకాగితం చించలేదు.
అడిగితే, "కొన్నాను కదా" అంటాడు
పన్ను కట్టినవాడిలా.

మొన్న శనివారం అంగడి కట్టేసే వేళ వచ్చాడు.
నాచు కావాలన్నాడు, పావు కిలో.
పొట్లం అందుకుని కూడా కదలడు.
చిల్లర లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి,
నా వెనక గోడని చూస్తూ అడిగాడు:

"రెండో వైపు, మూడో పాట
మొదలయ్యే ముందు
ఎవరో కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు.
విన్నావా?"