ముప్పై రెండు మంచాల గది

చింతలవలస పటాలంలో మూడో బారక్కుకి తలుపుంది.
లోపల, మంచానికీ మంచానికీ మధ్య లేదు.
మూరెడు సందు, ఇనప పెట్టె, మేకుకి బెల్టు.
ఒకడు నిద్దట్లో ఒక పేరు కలవరిస్తే
ముప్పై ఒక్కమందికి తెలిసిపోయే ఇల్లు.

ఆదివారం పొద్దున తనిఖీ నాది.
దుప్పటి మడత ఇటుక అంచులా ఉండాలి,
బూటు మొహంలో నా మొహం కనబడాలి,
పెట్టె మూత ఎత్తి వాడు పక్కకి జరగాలి.
ఇరవై రెండేళ్లలో ఎన్ని మూతలు!
ఆవకాయ సీసాలు, పలాస జీడిపప్పు పొట్లాలు,
మొహం తెల్లబడే క్రీము ఒకటి,
బనీను మడతలో ఆడమనిషి జడపిన్ను.
అన్నీ చూశాను. చూడనట్టు రాసుకున్నాను:
బూట్లు రెండు జతలు, మగ్గు ఒకటి.

నాకూ ఒక పెట్టె ఉండేది.
కొత్తలో, ఒక సుబేదారు అందులోంచి ఉత్తరం తీసి
గది మధ్యలో నిలబడి చదివాడు.
ఒక వాక్యం దగ్గర ఆగి, మళ్లీ చదివాడు:
"నువ్వు కప్పుకున్న దుప్పటి ఇంకా ఉతకనేదు."
బారక్కంతా నవ్వింది.
నేనూ నవ్వాను. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.
ఆ తర్వాత నరసమ్మ ఉత్తరాల్లో
వాన పడిందీ, ఆవు ఈనిందీ, అంతే.
అలా రాయమన్నది నేనే.

అందుకే హవల్దారునయ్యాక
చేత్తో కాదు, కళ్లతో చూసేవాణ్ణి, పైపైన.
మంచోడన్నారు కుర్రాళ్లు.
ఆ మంచితనం చాటునే
సరుబుజ్జిలి తవిటినాయుడు
ఎడమ బూటు వేళ్ల దగ్గర మాత్రల పొట్లం దాచుకున్నాడు.
బూటు మెరుస్తోంది. నా మొహం కనబడింది.
ముందుకి నడిచాను.

బతికాడులెండి.
పెద్దాసుపత్రి వరండాలో వాళ్లమ్మ నన్ను తిట్టలేదు.
"ముందు ముగ్గురు దక్కనేదు బాబూ,
సేటలో తవుడు పోసి కొనుక్కున్నాం ఈడ్ని.
మీరు సూసుకుంతారనుకున్నాం" అంది.

చూసుకోవడంలో చూడటం ఉంది.
ఎంత చూడాలో ఆ మాటలో లేదు.

ఇప్పుడు కొత్త ఉత్తర్వు వచ్చింది:
తనిఖీ ఏ వేళైనా, చెప్పకుండా,
సెలవు పూటైనా సరే, దీపాలార్పాక అయినా సరే.
సంతకం పెట్టాను. నా తప్పుకి ముప్పై రెండు మంచాలకీ శిక్ష
అనిపించింది కానీ, పెట్టాను.

ఈ ఆదివారం మధ్యాహ్నం
ఒకడు బట్టలారేస్తున్నాడు, ఇద్దరు పేకాడుతున్నారు,
విశాఖ వైపు గూడ్సు బండి ఎంతకీ అయిపోవటం లేదు.
గుమ్మంలో ఆగాను.
మొదటి మంచం కోడు మీద లాఠీతో మూడుసార్లు కొట్టాను.
"వస్తన్నానర్రా" అని, గోడకేసి తిరిగి
పదిదాకా లెక్కపెట్టాను.
ఆ పది అంకెల్లో ఎవరేం సర్దుకున్నారో
వాళ్లకీ గోడకీ తెలియాలి.

బమ్మిడి నీలాచలం లేవబోయాడు, కూర్చోమన్నాను.
వాడి మంచం మీదే ఓ చివర నేనూ.
"నిద్దర పడతందా?"
"పడతంది సార్."
"కబురు సెప్పుకోడానికెవులైనా ఉన్నారా?"
వాడు మాట్లాడలేదు. పెట్టె తాళం గుప్పిట్లో బిగించాడు.
ఆ గుప్పిట ఎలా బిగుసుకుంటుందో నాకు తెలుసు,
తెరవమనలేదు.

కానీ బూట్లు అడిగాను.
వాడి కళ్లలోకి చూస్తూనే, ఒకటి తర్వాత ఒకటి,
తిరగేసి, నేలకి తట్టాను.
రాలింది ఇసక, ఓ పిడికెడు, ఇంకా తడిగా.
కోనాడదో, ముక్కాందో.
పోయిన వారం చీటీలో వాడు రాసిన ఊరికి సముద్రం లేదు.
పక్కన ఎవరు నడిచారో
నేనడగలేదు, వాడు చెప్పలేదు,
చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పుస్తకంలో రాశాను: బూట్లు రెండు జతలు, మగ్గు ఒకటి.
సాయంత్రం లోపు
ఆ ఇసక ఊడ్చేయమన్నాను.