మోకాలి మీద బొమ్మ

శనివారం బడిగదిలో, రేకుపొయ్యి చుట్టూ
తొమ్మిదిమంది పిల్లలు, ఏడు సూదులు.
బయట చిలోయే వాన అడ్డంగా కొడుతోంది.
మా దీవిలో వానకి
పైనుంచి కిందికి పడటం ఎన్నడూ చేతకాదు.

సంచీ బోర్లించాను:
మోకాళ్ళు పోయిన యూనిఫాం లాగులు,
జత తప్పిన మేజోళ్ళు,
ఎవరి తాతదో చారల చొక్కా,
నడిమధ్య పలచబడ్డ నా పెళ్ళినాటి దుప్పటి.
కడుపులో కూరడానికి గొర్రె ఉన్ని,
మూడుసార్లు ఉతికినా గొర్రెని మరిచిపోని ఉన్ని.

లోపలివైపు కుట్టండి, అన్నాను.
అంతా అయ్యాక తిరగేద్దాం.
"అయితే ఇప్పుడు మనం చూసేది
దాని కడుపులోపలా టీచర్?"
అడిగింది మిల్యరాయ్.
అవునన్నాను.
అప్పట్నుంచీ అందరూ కాస్త
మెల్లగా గుచ్చడం మొదలుపెట్టారు.

దారం నోట్లో తడిపి, ఒంటికన్ను మూసి,
బెజ్జం ఇటుంటే అటు పొడిచి,
అటుంటే గాల్లో పొడిచి,
దొరికినప్పుడు ఒక కేక.
ఆ కేక కోసమే నేను
దారం ఎక్కించిన సూది ఎవరికీ ఇవ్వను.

రోసాల్బా తలకాయని గుమ్మడికాయంత చేసింది,
గౌనుకి మెడ బఠాణీగింజంత కత్తిరించింది.
తల దూరదు, గౌను దిగదు,
మధ్యలో రోసాల్బా ఏడుపు.
ప్రపంచంలో అందరి మొదటి గౌనూ అంతే, నాదీ అంతే.
వీపున నిలువునా చీల్చి ఒక బొత్తం పెట్టవే, అన్నాను.
"చీలిస్తే పాడైపోదూ?"
తలుపు పెడుతున్నాం, అంతే.
ముక్కు ఎగబీల్చి, కత్తెర అడిగింది.

లింకోయాన్ ఏమీ అడగలేదు.
కట్టెల గూటి పక్కన, మోకాలి మీద బొమ్మని పెట్టుకుని,
నాలుక కొస పెదవి మూలకి తెచ్చి
గంటన్నర కుట్టాడు.
బొమ్మకి కళ్ళు లేవు, నోరు లేదు,
ఒక చెయ్యి మాత్రం మరీ పొడుగు.
కుట్లు చూస్తే
వానకి చెదిరిన చీమలబారు.

రేవులో పడవ కూత వేసింది.
అందరూ లేచారు. వాడూ లేచాడు.
వాడితోపాటు బొమ్మా లేచింది.

నవ్వులకి పొయ్యిమీద కెటిల్ మూత అదిరింది.
బొమ్మ వీపుని లాగుతో కలిపి
పద్నాలుగు కుట్లు వేశాడు.
ఆ పూట గదిలో గట్టిగా నిలిచిన కుట్లు
అవొక్కటే.

విప్పేస్తాను ఉండు, అని కత్తెర తీశాను.
నాకు వచ్చిందే అది:
తప్పు కుట్టు కనబడితే విప్పు, మళ్ళీ కుట్టు.
మా అమ్మ కొలబద్దతో వేళ్ళమీద నేర్పింది,
నేను కొలబద్ద మానేశాను, మాట మానలేదు.
వాడు రెండు అరచేతులతో బొమ్మని మూశాడు.
"ఉండనీ."
మీ అమ్మ తిడుతుందిరా.
"తిట్టనీ."

అలాగే పోయాడు, రబ్బరు బూట్లు చప్పుడు చేస్తూ,
బురద పడకుండా బొమ్మకి అడ్డంగా పుస్తకం పెట్టుకుని.
పడవ బల్లమీద కాలు చాపి కూర్చున్నాడు.
కళ్ళు లేని బొమ్మ
ఒడ్డుకేసి తిరిగి ఉంది.

వారమంతా నాకు అదే ధ్యాస.

మళ్ళీ శనివారం అదే లాగు.
ఉతికారు, బొమ్మనీ ఉతికారు,
ఉన్ని అంతా ఒక కాల్లోకి ముద్దగా దిగింది,
సబ్బూ పొగా కలిసిన వాసన.
వాళ్ళమ్మ చేపల వలలు బాగుచేస్తుంది,
రోజుకి ఎన్ని ముడులో ఆవిడకే లెక్క తెలీదు.
విప్పలేదు ఆవిడ.
నా పద్నాలుగు కుట్లలో,
కాదు, వాడి పద్నాలుగు కుట్లలో
వదులైన రెండుచోట్ల
నీలిరంగు వలదారంతో ముడివేసి పంపింది.

లింకోయాన్ పొయ్యి దగ్గరికి జరిగి కాలు చాపాడు.
"టీచర్, దీనికి లాగు కుట్టాలి.
లాగుకి మోకాలి మీద
ఇంకో చిన్న బొమ్మ."

ఏడు సూదులూ పరిచి చూశాను.
అంత చిన్నది లేదు.
డబ్బా అడుగున వెతుకుతున్నాను,
వాడు దీపం పట్టుకున్నాడు.