శవానికి చలి

డండీలో ఎప్పుడో మూతపడ్డ జూట్‌మిల్లు.
గుమ్మం దగ్గర తలా ఒక చీటీ ఇచ్చారు.
నాది: "గుమాస్తావి. అబద్ధం ఆడొచ్చు."
శవాన్ని మాత్రం ముట్టుకోకూడదట.

మగ్గాల మధ్య వెల్లకిలా మిల్లు యజమాని.
చొక్కా మీద బీట్‌రూట్ రంగు నెత్తురు.
ఇన్‌స్పెక్టర్ లాంతరెత్తి నా మొహం చదివాడు.
ఎనిమిదింటికి పద్దులు రాస్తున్నానన్నాను,
నిజంగానే చంపినవాడిలా గొంతు తడారి.

నవంబరు. పగిలిన అద్దాల్లోంచి టే నది గాలి.
శవం మోకాలు సన్నగా వణికింది.
అందరం చూశాం.
చూడనట్టు ఉండటానికే కదా టికెట్టు కొన్నది.

వంటమనిషి చీటీ వచ్చిన ముసలి ఎఫీ
కుంటుకుంటూ వెళ్ళి
తన ఉన్నికోటు విప్పి కప్పింది,
మెడదాకా లాగి, అంచులు కిందికి దోపి.

ఇన్‌స్పెక్టర్‌కి మాట తట్టలేదు కాసేపు.
"ఎవరిదీ కోటు?"
"నాదే. కుర్రాడికి చలేస్తోంది."

ముప్పై వేళ్ళు ఆమె మీదికి లేచాయి.
అందులో నాదీ ఉంది.
ఓట్లేసి మరీ
హంతకురాలని తేల్చాం.

చప్పట్లకి నటులంతా వరసలో నిలబడ్డారు,
శవం తప్ప.
కోటు కింద గురక.

ఎఫీ స్టూలు లాక్కుని కూర్చుంది.
ఆఖరి బస్సుకి ఇంకా పది నిమిషాలుందని
ఎవరో గుర్తుచేస్తే
నోటిమీద వేలేసుకుంది.