మోకాలు

కాగితంలో తొమ్మిదో ప్రశ్న:
దహనం తర్వాత మిగిలిన లోహాన్ని ఏం చేయమంటారు?

సుగుణక్క ఎడమ మోకాలు టైటానియంది.
అసలుది, సండర్లాండ్ ఆసుపత్రిలో
ముప్పై ఏళ్ళ రాత్రి డ్యూటీలకి అరిగిపోయింది.

మా ఇంట్లో ఇంతవరకు ఎవర్నీ కాల్చలేదు.
తాత, నాన్న, పురిట్లో పోయిన చిన్నమ్మ,
అందరూ తూర్పుకి కాళ్ళు చాపుకుని
బాపట్ల ఇసకమట్టిలో
బూర ఎప్పుడు మోగుతుందా అని వింటున్నారు.

అక్క మాత్రం వీలునామాలో
"కాల్చండి" అని రాసి కింద గీత గీసింది.
పాస్టరు గారు నచ్చజెప్పడానికొస్తే
"ఈ ఊళ్ళో ఇన్ని చలికాలాలు వణికానయ్యా,
ఆ ఒక్క పూటైనా వెచ్చగా పడుకోనీ" అంది.
ఆయన చేతిలో టీ చల్లారిపోయింది.

నాకు కోపమొచ్చింది. ఇంకా పోలేదు.
రేపు మనవాళ్ళంతా మట్టి దులుపుకుని లేస్తే
నువ్వేదని అమ్మ అడిగితే
ఏ గాలిని చూపించను?

బల్ల అవతలి కుర్రాడు గొంతు తగ్గించి చెప్పాడు:
"కరిగించి మళ్ళీ వాడతారండీ.
రోడ్డు పక్క బోర్డులు కూడా చేస్తారట."

టిక్కు పెట్టాను. చెయ్యి వణికి
గడి దాటింది.

ఆదివారం చర్చికి వెళ్తూ
రౌండెబౌట్ దగ్గర బండి ఆపేశాను.
డర్హమ్ పదమూడు మైళ్ళని చెబుతూ
వానలో ఒంటికాలి మీద ఒక బోర్డు.

ఆఖరి పదేళ్ళూ కుర్చీలోనే ప్రార్థించింది,
మోకరించలేక,
అందరి వెనకా, సిగ్గుపడుతూ.

నా వెనక కారు చాలాసేపు ఆగింది.
హారన్ కొట్టలేదు.